థార్, రాక్స్, జిమ్నీ, గూర్ఖా: మొదటి మొండి బండికి ఎక్కడ ఖర్చు పెట్టాలి, ఎక్కడ చెయ్యి బిగించాలి

2024 ఆగస్టులో మహీంద్రా వారి జీపు తరహా బండి థార్ రాక్స్ విడుదలైనప్పుడు దాని ప్రారంభ ఎక్స్‌షోరూమ్ ధర 12.99 లక్షల రూపాయలు. అదే రాక్స్ ఫోర్ బై ఫోర్‌తో, అంటే నాలుగు చక్రాలకూ శక్తి అందేలా కావాలంటే ధర 18.79 లక్షల దగ్గర మొదలైంది. పేరు ఒకటే, ఆకారం ఒకటే, పక్కపక్కన నిలబెడితే దూరం నుంచి తేడా పోల్చుకోవడం కష్టం. అయినా రెండింటి మధ్య 5.80 లక్షల అంతరం ఉంది. అందులో ముందు చక్రాలకు కూడా శక్తి అందించే సరంజామా ఖరీదు కొంత మాత్రమే. మిగిలినది డీజిల్ ఇంజనుకూ, పై వేరియంటులోని సౌకర్యాలకూ పోతుంది, ఎందుకంటే అన్నిటికన్నా కింది వేరియంటులో ఫోర్ బై ఫోర్ ఇవ్వనే ఇవ్వరు. కొండలెక్కే బలం ఉంటే చాలు, హంగులు వద్దు అనుకునే కుర్రవాడికి ఆ కొట్లో సరుకు లేదు. హంగులు కావాలి, బలం అక్కర్లేదు అనుకునేవాడికి మాత్రం కావలసినన్ని వేరియంట్లు ఉన్నాయి.

అందుకే ఈ బండ్ల విషయంలో "చవకదా, సౌకర్యంగా ఉండేదా" అని అడిగితే సరైన జవాబు దొరకదు. అడగవలసింది వేరు: కంపెనీ మాత్రమే ఇవ్వగలిగినవి ఏవి, తరువాత మనం బయట బిగించుకోగలిగినవి ఏవి? డోర్ల సంఖ్య, చక్రాల మధ్య దూరం, గేరుబాక్సు, ఫోర్ బై ఫోర్, ఎయిర్‌బ్యాగులు మొదటి రకం. కొన్న తరువాత ఎంత డబ్బు పోసినా ఇవి రావు. స్క్రీను, స్పీకర్లు, సీటు కవర్లు, లైట్లు, టైర్లు రెండో రకం. చేతిలో డబ్బు తక్కువగా ఉన్నప్పుడు మొదటి రకానికే ఖర్చు పెట్టాలన్నది నా అభిప్రాయం. షోరూములో మనల్ని ఊరించేవి మాత్రం ఎక్కువగా రెండో రకానివే.

ఇక్కడ పోలుస్తున్నది నాలుగు బండ్లను: 2020 అక్టోబరు 2న వచ్చిన రెండో తరం త్రీ డోర్ థార్, దాని అయిదు డోర్ల తోబుట్టువు రాక్స్, 2023 జూన్‌లో మన మార్కెట్లోకి వచ్చిన అయిదు డోర్ల మారుతి సుజుకి జిమ్నీ, ఫోర్స్ గూర్ఖా. ధరలు ఏడాదికి రెండుమూడు సార్లు మారుతుంటాయి కాబట్టి ఇక్కడ చెప్పినవి విడుదల నాటి ధరలని గుర్తుంచుకుని, బండికీ బండికీ ఉన్న తేడాను చూడండి.

పన్నులు కూడా మీ తరఫున నిర్ణయం తీసుకుంటాయి

2023 జనవరిలో మహీంద్రా త్రీ డోర్ థార్‌లో వెనుక చక్రాలకు మాత్రమే శక్తి అందే వేరియంటును 9.99 లక్షల ప్రారంభ ధరకు తెచ్చింది. అందులోని డీజిల్ ఇంజను 1.5 లీటర్లది. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1500 సీసీ లోపు డీజిల్ ఇంజను ఉంటే చట్టం దృష్టిలో అది చిన్న కారు. థార్ పొడవు 3985 మిల్లీమీటర్లు; అంటే చూడటానికి ఎంత మొనగాడిలా ఉన్నా, పన్ను లెక్కలో అది చిన్న కార్ల వరుసలోనే కూర్చుంటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి మారిన జీఎస్టీ ప్రకారం ఈ చిన్న కార్లకు 18 శాతం, మిగిలిన వాటికి 40 శాతం. ఫోర్ బై ఫోర్ థార్‌లో ఉండేవి 2.0 లీటర్ల పెట్రోలు, 2.2 లీటర్ల డీజిల్ ఇంజన్లు కాబట్టి అవి 40 శాతంలోకి వెళ్లాయి. రాక్స్ పొడవు 4428 మిల్లీమీటర్లు, దానిదీ అదే దారి. జిమ్నీ పొడవు సరిగ్గా థార్ అంతే అయినా, పెట్రోలు కార్లకు హద్దు 1200 సీసీ, దాని ఇంజను 1.5 లీటర్లది, కనుక దానికీ 40 శాతమే.

దీని అర్థమేమిటంటే, త్రీ డోర్ థార్‌లో వెనుక చక్రాల డీజిల్‌కూ ఫోర్ బై ఫోర్‌కూ ఉన్న ధర తేడాలో పెద్ద ఇంజను మీద పడే పన్ను భాగం కూడా గట్టిగానే ఉంది. జీఎస్టీ మారినప్పుడు వెనుక చక్రాల డీజిల్ థార్ మీద గరిష్ఠంగా 1.35 లక్షలు, ఫోర్ బై ఫోర్ డీజిల్ మీద 1.01 లక్షలు తగ్గిస్తున్నట్టు కంపెనీ ప్రకటించింది. చవక బండి మరింత చవకైంది.

ఎక్స్‌షోరూమ్ ధర చూసి మురిసిపోయినవారిని ఆన్‌రోడ్ ధర నేలకు దించుతుంది. తెలంగాణలో గానీ ఆంధ్రప్రదేశ్‌లో గానీ లైఫ్ ట్యాక్స్ శాతం బండి ధరను బట్టి మెట్లుమెట్లుగా పెరుగుతుంది. పది లక్షల దగ్గర ఒక మెట్టు, ఇరవై లక్షల దగ్గర మరో మెట్టు ఉన్నాయి. పది లక్షలు దాటిన బండికి షోరూములో ఒక శాతం టీసీఎస్ (అమ్మేవారే ముందుగా పట్టుకునే పన్ను) కూడా వసూలు చేస్తారు. ఇది ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటవుతుంది గానీ ఆ రోజు మాత్రం జేబులోంచే పోతుంది. కొత్త కారుకు థర్డ్ పార్టీ బీమాను ఒకేసారి మూడేళ్లకు కట్టాలన్న నిబంధన 2018 సెప్టెంబరు నుంచి ఉంది. ఇవన్నీ కలిపితే 15 లక్షల బండి ఇంటికి వచ్చేసరికి పద్దెనిమిది లక్షలు దాటుతుంది. వేరియంటు ధర 9.90 లక్షలకు, 10.20 లక్షలకు మధ్య ఊగుతున్నప్పుడు ఆ ముప్పై వేల తేడా పన్నుల తరువాత ఎంతవుతుందో లెక్క వేయించుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.

ఇప్పుడు అప్పు సంగతి. పది లక్షలను 9.5 శాతం వడ్డీకి అయిదేళ్లకు తీసుకుంటే నెలకు సుమారు 21,000 రూపాయల ఈఎంఐ పడుతుంది, మొత్తం వడ్డీ 2.60 లక్షలు. అదే ఏడేళ్లకు తీసుకుంటే ఈఎంఐ 16,350 దగ్గరికి దిగుతుంది, వడ్డీ మాత్రం 3.73 లక్షలకు ఎక్కుతుంది. సేల్స్ వారు ఎప్పుడూ ఏడేళ్ల అంకెనే ముందు చెబుతారు, ఎందుకంటే పై వేరియంటు అమ్మాలంటే నెలవారీ తేడా చిన్నదిగా కనిపించాలి. "నెలకు ఇంకో అయిదు వేలేగా సార్" అన్న మాట విన్నప్పుడు, ఆ అయిదు వేలను 84తో గుణించి చూడండి. చేతికి 80,000 జీతం వచ్చే అబ్బాయి పది లక్షల అప్పుతో బండి తీసుకుని, నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగి, బీమా, సర్వీసింగు కలుపుకుంటే, అయిదేళ్ల పాటు దాదాపు 35,000 దానికే పోతాయి. ఇంటద్దె, ఊరికి పంపే డబ్బు పోను ఏం మిగులుతుందో అతనికే తెలియాలి.

ఇంధనంలోనూ ఇదే వరస. పెట్రోలు ఆటోమేటిక్ థార్ హైదరాబాదు ట్రాఫిక్‌లో లీటరుకు పది లోపే ఇస్తుందని, డీజిల్ అంతకన్నా బాగా మెరుగని వాడేవారంతా చెబుతారు. లీటరు పెట్రోలు 108, డీజిల్ 96 అనుకుని, ఒకటి తొమ్మిది, మరొకటి పద్నాలుగు కిలోమీటర్లు ఇస్తాయనుకుంటే, వెయ్యి కిలోమీటర్లకు పెట్రోలుకు 12,000, డీజిల్‌కు 6,900 దాకా అవుతుంది. అయితే రోజుకు నాలుగైదు కిలోమీటర్లు మాత్రమే నడిపేవారు డీజిల్ వైపు చూడకపోవడమే మంచిది. కొత్త డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. అది వేడెక్కి ఆ మసిని కాల్చుకోవాలంటే బండి కొంతసేపు ఆగకుండా పరిగెత్తాలి. ఎప్పుడూ ఇంటి నుంచి ఆఫీసుకు, ఆఫీసు నుంచి ఇంటికి పాకించే బండిలో ఆ ఫిల్టరు పూడుకుపోయి హెచ్చరిక దీపం వెలుగుతుంది.

ఫోర్ బై ఫోర్ ఎవరికి అక్కరకొస్తుంది

కొన్నేళ్ల క్రితం ఆదోని దగ్గర ఒక పత్తి చేనిలోకి నాలుగు చక్రాలూ తిరిగే బండిలో వెళ్లాం. అంతకు గంట ముందే వాన కురిసింది. చేలోకి దిగిన ఇరవై గజాల్లోనే నల్లరేగడి టైరు గాడుల్లోకి ఎక్కి, గాడులన్నవే కనిపించకుండా పూడ్చేసింది. ఆ తరువాత అది టైరు కాదు, నున్నటి మట్టి ముద్ద. లివరు లో రేంజ్‌లో వేసినా, నాలుగు చక్రాలూ చక్కగా తిరిగినా, నాలుగూ కలిసి పక్కకే జారాయి. చివరికి పక్క చేనాయన ట్రాక్టరు తెచ్చి, మోకు కట్టి గట్టుకు లాగాడు. "ఈ నేలలో వాన పడ్డాక ఎద్దులనే దింపం, కారు ఎట్ల దింపినారు నాయనా" అని ఆయన అడిగినదానికి మా దగ్గర సమాధానం లేదు. ఆ బండికి ఉన్నవి రోడ్డు కోసం చేసిన టైర్లు. రెండు చక్రాల శక్తితోనే అయినా, మట్టిలోనూ పట్టు దొరికే మంచి ఆల్ టెర్రెయిన్ టైర్లున్న బండి చాలా చోట్ల అంతకన్నా దూరం వెళ్తుందని ఆ రోజు తెలిసింది.

లో రేంజ్ అంటే, ఇంజను శక్తిని ముందు, వెనుక చక్రాలకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసులో ఉండే అదనపు పళ్లచక్రాల జత. అది చక్రం వేగాన్ని సగానికో, ఇంకా తక్కువకో తగ్గించి, తిప్పే బలాన్ని ఆ మేరకు పెంచుతుంది. జిమ్నీలో అయితే బండిని ఆపి, క్లచ్ తొక్కి, చిన్న లివరును కిందికి అదిమి వెనక్కి లాగాలి. తరువాత మొదటి గేరులో కాలు అన్ని పెడళ్ల మీది నుంచీ తీసేసినా బండి మనిషి నడక వేగంతో రాళ్ల మీదుగా పాక్కుంటూ పోతుంది. దీని అసలు విలువ ఎక్కేటప్పటికన్నా దిగేటప్పుడు తెలుస్తుంది: మారేడుమిల్లి దగ్గరి గుడిస కొండ మీది నుంచో, పాడేరు దగ్గరి వంజంగి మీది నుంచో తడి రాళ్ల దారిలో దిగుతున్నప్పుడు, బ్రేకు తొక్కితే చక్రం బిగుసుకుని జారే చోట, ఇంజనే బండిని పట్టి ఆపుతుంది.

ఇలాంటి దారుల్లో ఏడాదికి ఎన్ని రోజులు తిరుగుతారో నిజాయితీగా లెక్క వేసుకోండి. తిరుగుదామన్నా అనుమతి ఉండని చోట్లు కూడా ఉన్నాయి. శ్రీశైలం నుంచి ఇష్టకామేశ్వరి గుడికి నల్లమల అడవిలో వెళ్లే రాళ్ల దారి లో రేంజ్‌కు పెట్టింది పేరు. కానీ అది పులుల అభయారణ్యం, అక్కడికి స్థానికుల జీపుల్లోనే వెళ్లాలి. ఆ జీపుల్లో చాలావాటికి ఏసీ కాదు గదా, సరైన తలుపులు కూడా ఉండవు.

మరి ఎవరికి అవసరం? ఏజెన్సీలో కాఫీ తోటలున్నవారికి, క్వారీ పనులమీద తిరిగేవారికి, ఏటా స్పితీకో లడఖ్‌కో సొంతబండిలో వెళ్లేవారికి, భీమవరం చుట్టుపక్కల చెరువులు చేసేవారికి. చివరివారి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. రొయ్యల చెరువు గట్టు ఇరుకుగా ఉంటుంది, ఎప్పుడూ తడిగా ఉంటుంది, రెండు వైపులా నీళ్లే. అక్కడ బండి వెడల్పు ప్రతి అంగుళమూ లెక్కే. జిమ్నీ వెడల్పు 1645 మిల్లీమీటర్లు, రాక్స్ వెడల్పు 1870. అంటే దాదాపు జానెడు తేడా. పైగా జిమ్నీ బరువు 1200 కిలోల దగ్గరే ఉండటం వల్ల మెత్తటి నేలలో అంత త్వరగా కూరుకుపోదు. దానిలో ఫోర్ బై ఫోర్, లో రేంజ్ కింది వేరియంటు నుంచే ఉన్నాయి. విడుదల ధర 12.74 లక్షలు. అంటే బలం కోసం హంగులు కొనక్కర్లేని బండి ఈ నాలుగింటిలో జిమ్నీయే అనాలి. మన దగ్గర అది అనుకున్నంతగా అమ్ముడుపోకపోయినా, ఇక్కడ తయారైన ఇదే అయిదు డోర్ల జిమ్నీని 2025 జనవరిలో జపాన్‌లో నోమేడ్ పేరుతో ప్రకటిస్తే, నాలుగు రోజుల్లో 50,000 ఆర్డర్లు వచ్చి బుకింగులు ఆపేయవలసి వచ్చింది.

జిమ్నీ లోపం హైవే మీద బయటపడుతుంది. 1.5 లీటర్ల పెట్రోలు ఇంజను 105 హార్స్‌పవరు, 134 న్యూటన్ మీటర్ల టార్కు (తిప్పే బలం) ఇస్తుంది. థార్ డీజిల్ ఇచ్చే 300తో పోలిస్తే సగం కూడా కాదు. నలుగురు ఎక్కి, సామాను పెట్టుకుని లారీని దాటాలనుకుంటే రెండు గేర్లు తగ్గించి, ఎదురుగా రోడ్డు బాగా ఖాళీ ఉందో లేదో చూసుకుని కదలాలి. ఆటోమేటిక్‌లో ఉన్నవి నాలుగు గేర్లే. వెనుక సీటు నిలబెట్టి ఉంచితే డిక్కీ 208 లీటర్లే, సంక్రాంతికి ఊరెళ్లేటప్పటి పెట్టెలకు అది చాలదు.

వీపుకు సౌకర్యం, కంటికి సౌకర్యం

సౌకర్యాలన్నిటినీ ఒకే గాటన కట్టడం వల్లే చాలామంది పొరబడతారు. వీపుకు, మోకాళ్లకు, చెవులకు తెలిసే సౌకర్యాలు వేరు. కంటికి, పక్కింటివారికి తెలిసేవి వేరు. పైకప్పు నిండా అద్దం ఉండే పానరోమిక్ సన్‌రూఫ్ కంటికి తెలిసే రకం. రెంటచింతలలోనూ రామగుండంలోనూ ఎండ 45 డిగ్రీలు దాటే నేల మీద ఏడాదిలో నాలుగు నెలలు దాని తెర మూసే ఉంచుతాం. సీటులోంచి గాలి ఆడే వెంటిలేటెడ్ సీట్లు మాత్రం వీపుకు తెలిసే రకం. మే నెల మధ్యాహ్నం విజయవాడ నుంచి హైదరాబాదు వచ్చినవారు వాటిని విలాసమనరు.

త్రీ డోర్ థార్ కొనాలనుకుంటున్నవారు షోరూముకు ఒంటరిగా వెళ్లకండి. అమ్మనో నాయనమ్మనో తీసుకెళ్లి వెనుక సీటులో కూర్చోమనండి. ముందు సీటు పక్కనున్న మీట లాగితే వీపు ముందుకు వాలి, సీటు జరుగుతుంది. ఆ సందులో ఒక కాలు ఫుట్‌బోర్డు మీద పెట్టి, తల వంచి, చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో పైనున్న పిడి అందుకుని, ఒంటిని సగం తిప్పి లోపలికి దూరాలి. దిగేటప్పుడు ఇదే వరసను తలకిందులుగా, కాలు ఎక్కడ ఆనుతుందో కనిపించకుండా చేయాలి. పాతికేళ్లవారికి ఇది ఆట, అరవై ఏళ్లవారికి కాదు. మీ బండిలో వెనుక సీటు నెలకు రెండుసార్లకు మించి నిండుతుందనుకుంటే త్రీ డోర్ మీద ఆశ వదులుకోవడం మేలు. ఇది తరువాత ఏ మెకానిక్కూ బాగుచేయలేని విషయం.

రాక్స్‌కు డబ్బు ఎక్కువ పెట్టడానికి న్యాయమైన కారణం ఇక్కడే ఉంది, దాని పెద్ద స్క్రీనులో కాదు. త్రీ డోర్ థార్‌లో ముందు వెనుక చక్రాల మధ్య దూరం 2450 మిల్లీమీటర్లు, రాక్స్‌లో 2850. చక్రాలు దగ్గరగా ఉన్న బండి స్పీడ్‌బ్రేకరు మీదికి ముందు చక్రం ఎక్కి దిగీ దిగకముందే వెనుక చక్రం ఎక్కుతుంది, దాంతో మనిషి ఊయలలో ఉన్నట్టు ముందుకూ వెనక్కీ ఊగుతాడు. దూరం పెరిగితే ఆ ఊపు నెమ్మదిస్తుంది. మన పల్లె రోడ్ల మీద ప్రతి ఇంటి ముందు ఒక స్పీడ్‌బ్రేకరు ఉంటుంది కాబట్టి ఈ నాలుగు వందల మిల్లీమీటర్లు రోజూ గుర్తొస్తాయి. వెనుక సస్పెన్షన్ కూడా మార్చారు. ఊరికే వచ్చిన లాభం కాదిది: చక్రాలు దూరమైనకొద్దీ గట్టు దాటేటప్పుడు బండి పొట్ట నేలకు తగులుతుంది. త్రీ డోర్ 27 డిగ్రీల దిబ్బను దాటగలిగితే, రాక్స్ 24 డిగ్రీల లోపే ఆగిపోతుంది. అయితే అలాంటి దిబ్బ మీ ఆఫీసు దారిలో లేదు, స్పీడ్‌బ్రేకర్లు ఉన్నాయి.

రాక్స్ వచ్చిన కొత్తలో లోపలి సీట్లన్నీ దాదాపు తెల్లటి రంగులో ఉండేవి. ఎర్రమట్టి దారులకోసం చేశామని చెప్పే బండిలో తెల్ల సీట్లు పెట్టాలన్న ఆలోచన ఎవరికొచ్చిందో గానీ, విమర్శలు వచ్చాక ఫోర్ బై ఫోర్ వేరియంట్లకు గోధుమ రంగు కూడా ఇచ్చారు.

పాత బండ్లలో దొరికే, బట్ట పైకప్పున్న సాఫ్ట్‌టాప్ థార్ గురించి రెండు మాటలు చాలు. ఫోటోలో బాగుంటుంది, శీతాకాలంలో లంబసింగిలో ఇంకా బాగుంటుంది. హైవే మీద గంటకు 90 కిలోమీటర్లు దాటాక పక్కవారితో గొంతు పెంచి మాట్లాడాలి, వేసవిలో ఏసీ చేసిన చల్లదనం పైకప్పులోంచి పోతుంటుంది. ఒకే ఒక్క బండి ఉండే ఇంటికి హార్డ్‌టాప్ తీసుకోండి.

ఆటోమేటిక్ గేరుబాక్సును నేను సౌకర్యాల జాబితాలో వేయను, ఆరోగ్యం జాబితాలో వేస్తాను. రోజూ పంజగుట్ట నుంచి హైటెక్ సిటీకి ఇలాంటి బండి క్లచ్ తొక్కుతూ వెళ్లేవారి ఎడమ మోకాలికి ఆ సంగతి తెలుసు. బడ్జెట్ పెంచగలిగితే మొదట దీనికి పెంచండి. పల్లెలోనో, చిన్న పట్టణంలోనో ఉండేవారికి మాన్యువల్ హాయిగా సరిపోతుంది, లక్షకు పైగా మిగులుతుంది.

భద్రతను కూడా కొందరు హంగుల్లో కలిపేసి కోత పెడతారు. బండ్లను గుద్దించి చూసే పరీక్షల్లో త్రీ డోర్ థార్‌కు 2020లో గ్లోబల్ ఎన్‌క్యాప్ నాలుగు నక్షత్రాలు ఇచ్చింది, రాక్స్‌కు 2024లో భారత్ ఎన్‌క్యాప్ అయిదు ఇచ్చింది. రాక్స్, జిమ్నీ రెండింటిలోనూ కింది వేరియంటు నుంచే ఆరు ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి, త్రీ డోర్‌లో రెండే. చిన్నపిల్లలున్న ఇంట్లో ఈ తేడా చాలా పెద్దది.

బయట బిగించుకోగలిగినవి, బిగించుకోకూడనివి

కింది వేరియంటు కొని ఆదా చేసిన డబ్బులో మొదటి వాటా టైర్లకు వెళ్లాలి. కంపెనీ చెప్పిన సైజులోనే ఆల్ టెర్రెయిన్ రకం వేయించుకుంటే, బండిని బట్టి నాలుగింటికి ముప్పై వేల నుంచి డెబ్బై వేల దాకా అవుతుంది. పాత టైర్లు కొత్తవే కాబట్టి కొట్టువారు కొంత వెనక్కిస్తారు. రోడ్డు మీద కొద్దిగా చప్పుడు, ఇంధనం కొద్దిగా ఎక్కువ తాగడం భరించాలి. సైజు పెంచి, పక్కలకు పొడుచుకొచ్చే టైర్లు వేయించడం, ముందు ఇనుప గార్డు బిగించడం మాత్రం వద్దు. బుల్ బార్లను కేంద్రం 2017 డిసెంబరులోనే నిషేధించింది. వాటివల్ల గుద్దుకున్నప్పుడు దెబ్బ నలగవలసిన చోట నలగకుండా నేరుగా ఛాసిస్‌కు పోతుంది, ఎయిర్‌బ్యాగు సెన్సార్ల లెక్క కూడా తప్పుతుంది. బండి రూపు మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికి వస్తుంది, బీమా క్లెయిము నాడు సర్వేయరు మొదట చూసేవి కూడా ఇవే.

బీమాలో ఇంజను ప్రొటెక్షన్ కవరు తీసుకోండి. థార్, రాక్స్ 650 మిల్లీమీటర్ల నీటిలో, గూర్ఖా 700 మిల్లీమీటర్ల నీటిలో నడుస్తాయని కంపెనీలు చెబుతాయి. ఆ మాట నమ్మి వాగులో దిగి, ఇంజనులోకి నీళ్లు పోతే, మామూలు పాలసీ దానికి డబ్బు ఇవ్వదు.

స్పీకర్లు, స్క్రీను, వెనుక కెమెరా వంటివి బయట సగం ధరకు వస్తాయి. కానీ వైర్లు కోసి అతికించే కొట్లో కాకుండా, బండి సాకెట్లకు నేరుగా అమరే కప్లర్లు వాడే చోట చేయించండి. వైరు కోసిన చోట నుంచి వారంటీ గొడవ మొదలవుతుంది.

ఎవరికి ఏది

హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగం చేస్తూ, తల్లిదండ్రులను నెలకోసారి ఊరి నుంచి తెచ్చి దింపే వారికి వెనుక చక్రాల డీజిల్ రాక్స్‌లో మధ్య వేరియంటు నప్పుతుంది. అన్నిటికన్నా పైది కొనడానికి అప్పు పెంచకండి. ఫోర్ బై ఫోర్ వేరియంటుకు, దీనికి ఉన్న తేడాలో ఏడాదికి ఒకసారి కొండల్లో డ్రైవరుతో సహా జీపు మాట్లాడుకున్నా పదేళ్లకు సరిపడా డబ్బు మిగులుతుంది.

పెళ్లి కాని, బండిలో ఎక్కువగా ఇద్దరే తిరిగే, ఆ రూపం మీదే మనసుపడిన వారికి వెనుక చక్రాల డీజిల్ థార్ హార్డ్‌టాప్ చాలు. "ఫోర్ బై ఫోర్ లేని థార్ థారేనా" అని స్నేహితులు ఎగతాళి చేస్తారు, ఈఎంఐ మాత్రం వారు కట్టరు. 2025 అక్టోబరులో వచ్చిన మార్పుల్లో దీనికి వెనుక ఏసీ వెంట్లు, డోరు మీదే విండో స్విచ్‌లు వచ్చాయి కాబట్టి, అంతకు ముందు తయారై గోదాములో మిగిలిన బండిని తగ్గింపు ధరకు అంటగడుతుంటే ఆ తగ్గింపు ఎంతో గట్టిగా బేరం చేయండి.

తోట, చెరువు, కొండ నిజంగా ఉన్నవారికి, ఇరుకు వీధుల ఊరిలో ఉండేవారికి జిమ్నీ. గూర్ఖా ఈ నాలుగింటిలో అన్నిటికన్నా మొండిది: ముందు, వెనుక రెండు డిఫరెన్షియళ్లకూ (కుడి, ఎడమ చక్రాలకు శక్తిని పంచే పళ్లచక్రాల పెట్టెలకు) లాకులు, లోతు నీటిలోనూ ఇంజనుకు గాలి అందించే స్నార్కెల్ గొట్టం, 2.6 లీటర్ల డీజిల్ ఇంజను ఉన్నాయి. ఒక చక్రం గాల్లో వేలాడుతున్నా మిగిలినవి లాక్కుపోతాయి. కానీ 2024లో త్రీ డోర్ ధరే 16.75 లక్షలు, గేరుబాక్సు మాన్యువల్ మాత్రమే, సర్వీసు సెంటర్లు జిల్లాకొకటి కూడా దొరకడం కష్టం. ఇంట్లో వేరే కారు ఉన్నవారు మాత్రమే దీని గురించి ఆలోచించాలి.

బడ్జెట్ ఎనిమిది, తొమ్మిది లక్షల దగ్గరే ఆగిపోతే పాత బండి వెతకడం తప్పు కాదు. 2010 నుంచి 2020 దాకా వచ్చిన మొదటి తరం థార్ చవకగా దొరుకుతుంది గానీ అందులో ఎయిర్‌బ్యాగులు లేవు, వెనుక లీఫ్ స్ప్రింగులు వీపును వదలవు. రెండో తరం నుంచే చూడండి. చూడటానికి వెళ్లినప్పుడు పెయింటు మెరుపు తరువాత సంగతి. కింద పడుకుని ట్రాన్స్‌ఫర్ కేసు, డిఫరెన్షియల్ హౌసింగు మీద రాళ్లు గీసిన గీతలు, నూనె చెమ్మ ఉన్నాయేమో వెతకండి. ముందు సీట్లు వెనక్కి జరిపి పట్టాల సందుల్లో టార్చి వేయండి. ఎండిన ఒండ్రు కనిపిస్తే ఆ బండి ఎంత లోతు నీటిలో దిగిందో అదే చెబుతుంది. ఫోర్ బై ఫోర్ అయితే మట్టి నేల మీద లో రేంజ్‌లో వేసి వంద గజాలు నడిపించండి, తారు రోడ్డు మీద కాదు. లివరు పడటానికి మొరాయించినా, తిరిగి రెండు చక్రాల స్థానానికి రాకుండా బిగుసుకున్నా, ఎంత తగ్గించి ఇస్తామన్నా తాళం చెవి వారి చేతిలోనే పెట్టి రండి.